బూజునుండి మందు: క్రొత్తదానిని గుర్తించు విధము

(నేలకొండపల్లి గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)

  

ఈ గ్రంథాలయమునకు ఇరువదియైదు సంవత్సరములు నిండిన శుభసందర్భమున నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యవర్గమువారు నన్ను కోరిరి. రామదాసు పుట్టిన ఊరిలో, ప్రాచీన బౌద్ధస్తూపమున్న ఊరిలో మాటలాడువారు భక్తిని గూర్చియో, చరిత్రను గూర్చియో చెప్పుట ఆచారము. ఆ సంగతులు నాకంటె మీకే బాగుగ తెలియును. అందుచేత నేను మరియొక విషయము నెన్నుకొంటిని. అది బూజు.

గ్రంథాలయ రజతోత్సవమున బూజు సంగతి యెందుకని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. వర్షాకాలమున బీరువా తలుపు తెరచి, అట్టలపై తెల్లని పూతను చూచి, పొడిగుడ్డతో తుడిచి, పుస్తకములను ఆరబెట్టుకొను గ్రంథపాలకునికి బూజు ఎంతటి శత్రువో తెలియును. ఆ శత్రువే మానవజాతికి ప్రాణదాత యైన కథను, ఆ మందులను వెదకుటలో మరియొక విధమైన గ్రంథాలయము చేయుచున్న మేలును నేడు మనవి చేసెదను.

ఊరగాయపై లేచు బూజు, పుట్టపై లేచు గొడుగు, కల్లును పులియజేయు ఈస్టు, ఇవి యన్నియు ఒకే వంశమునకు చెందినవి. శాస్త్రజ్ఞులు వీటిని శిలీంధ్రములందురు. ఇవి మొక్కలు కావు. పచ్చదనము లేదు గనుక ఎండనుండి ఆహారమును చేసికొనలేవు. జంతువులును కావు. చచ్చిన ఆకును, కట్టెను, పేడను, ఒక్కొక్కప్పుడు బ్రదికియున్న పైరును ఆశ్రయించి జీవించును. లోకమున ఇరువదిరెండు లక్షలనుండి ముప్పదియెనిమిది లక్షల వరకు శిలీంధ్రజాతులుండవచ్చునని 2017లో శాస్త్రజ్ఞులు అంచనా కట్టిరి. నేటివరకు పేరు పెట్టబడినవి సుమారు లక్షన్నర మాత్రమే. అనగా పదింటిలో ఒకదానికైనను మనము సరిగా పేరు పెట్టలేదన్నమాట.

ఈ శిలీంధ్రములలో మందు ఎందుకు పుట్టవలెను? చిటికెడు మట్టిలో కోట్లకొలది సూక్ష్మజీవులు తిండికొరకును, చోటుకొరకును పోరాడుచుండును. శిలీంధ్రమునకు పారిపోవుటకు కాళ్ళు లేవు. పొడుచుటకు కొమ్ములు లేవు. దాని ఆయుధములన్నియు రసాయన పదార్థములే. ఒక పదార్థము ప్రక్కనున్న సూక్ష్మజీవిని చంపును. మరియొకటి దాని పెరుగుదలను ఆపును. ఇట్లు ప్రాణి శరీరములో ఏదో యొక క్రియను ఆపుటకో, నడపుటకో శక్తిగల పదార్థమును జీవక్రియాశీల పదార్థమందురు. మందును ఇదియే, విషమును ఇదియే. తేడా మోతాదులోను, అది ఎవరికి తగిలినదన్న దానిలోను ఉన్నది.

1928లో లండను నగరమున అలెగ్జాండరు ఫ్లెమింగు, తాను సూక్ష్మజీవులను పెంచుచున్న గాజుపళ్ళెములో బూజు పడి, దాని చుట్టును సూక్ష్మజీవులు కరిగిపోవుటను చూచెను. ఆ బూజులోని పదార్థమే పెనిసిలిన్. కాని చూచినంతమాత్రమున అది మందు కాలేదు. 1941లో ఆక్స్ ఫర్డులో ఒక పోలీసు ఉద్యోగికి ముఖమున చీముపట్టి ప్రాణము మీదికి వచ్చినప్పుడు పెనిసిలిన్ ఇచ్చిరి. అతడు కోలుకొనుచుండెను. ఇంతలో ఉన్న మందంతయు అయిపోయెను. అతని మూత్రమునుండి మందును తిరిగి వడగట్టి యెక్కించినను చాలలేదు; అతడు మరణించెను. రెండేండ్ల తరువాత అమెరికాలోని పియోరియా పట్టణపు అంగడిలో దొరికిన, బూజుపట్టిన ఒక ఖర్బూజపండునుండి ఎక్కువ పెనిసిలిన్ నిచ్చు బూజు లభించెను. మనము పారవేయు పండులో లక్షల సైనికుల ప్రాణములు దాగియుండెను.

ఈ కథలో మన తెలుగువానికి గొప్ప స్థానము కలదు. 1895లో భీమవరమున జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాకు పోయి, హార్వర్డులో పనిచేసి, 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరి అక్కడి పరిశోధనలకు నాయకులైరి. ఆయన సారథ్యమున, డెబ్బదియేండ్లు దాటిన బెంజమిన్ డగ్గరు అను వృక్షశాస్త్రజ్ఞుడు నలుమూలలనుండి మట్టి తెప్పించి పరీక్షించెను. మిస్సోరి విశ్వవిద్యాలయపు ప్రయోగక్షేత్రమునుండి వచ్చిన మట్టిలో బంగారురంగు గల ఒక సూక్ష్మజీవి దొరకెను. దానినుండి వచ్చిన ఆరియోమైసిన్ అను మందును 1948లో లోకమునకు ప్రకటించిరి. టెట్రాసైక్లిన్ వంశపు మందులలో అదియే మొదటిది. ఆ సంవత్సరమే సుబ్బారావుగారు స్వర్గస్థులైరి. ఆరియోమైసిన్ నిచ్చు జీవిని ఆనాడు బూజుజాతిదనియే పలువురు తలచిరి; బూజువలె దారములుగ పెరిగినను అది నిజమునకు బాక్టీరియా వర్గమునకు చెందినదని తరువాత స్థిరపడెను. అయినను సుబ్బారావుగారి పేరు శిలీంధ్రములలోను నిలిచినది. ఆయనతో పనిచేసిన హెసెల్టైన్ అను శాస్త్రజ్ఞుడు 1953లో ఒక క్రొత్త శిలీంధ్రమునకు సుబ్బరోమైసిస్ అని నామకరణము చేసెను. శిలలపై చెక్కిన పేర్లు చెరిగిపోవచ్చును గాని, ప్రాణముతో పెరుగుచున్న పేరు ఇది.

ఆ కాలమున మట్టిని వెదకినవారికి అడుగడుగునను ఒక చిక్కు ఎదురగుచుండెను. పదిమంది పదిచోట్ల పది శిలీంధ్రములను పెంచి, నెలలకొలది శ్రమించి, చివరకు శుద్ధిచేసి చూచినచో, అది ఎవరో ఎప్పుడో కనుగొన్న పాత పదార్థమే యగుచుండెను. అడవిలో దారి కనుగొంటినని సంతసించువానికి, ఎదుట ఎడ్లబండి జాడ కనబడినట్లు.

దీనికొక మంచి ఉదాహరణము చెప్పెదను. జపాను దేశమున అకిరా ఎండో అను రైతుబిడ్డ, రక్తములోని కొలెస్టరాలును తగ్గించు పదార్థము శిలీంధ్రములలో ఉండవచ్చునని నమ్మి, సుమారు ఆరువేల రకములను ఒక్కొక్కటిగ పరీక్షించెను. 1973లో క్యోటో నగరపు ధాన్యపు అంగడిలోని బియ్యముపై పెరిగిన నీలిబూజునుండి కాంపాక్టిన్ అను పదార్థమును తీసెను. 1978లో అమెరికాలోని మెర్కు సంస్థవారు ఆస్పర్జిల్లస్ అను మరియొక బూజునుండి దానికంటె కొంచెము భిన్నమైన పదార్థమును తీసిరి. మరుసటి ఏడు ఎండో గారు మొనాస్కస్ అను ఎఱ్ఱని శిలీంధ్రమునుండి ఒక పదార్థమును తీసి వేరొక పేరు పెట్టిరి. తీరా పోల్చి చూడగా మెర్కువారిదియు, ఎండోగారి రెండవదియు ఒక్కటే! నేడు దానిని లోవాస్టాటిన్ అందురు. 1987లో అమెరికాలో మందుగ అనుమతి పొందెను. గుండెజబ్బు గలవారు నేడు వేసికొనుచున్న స్టాటిన్ మాత్రలన్నియు ఆ బాటను నడచి వచ్చినవే. ఎండో గారు 2024లో మరణించిరి.

రెండు ఖండములలో, రెండు శిలీంధ్రములలో దొరకిన పదార్థము ఒక్కటేయని ముందుగనే తెలిసికొను ఉపాయము లేదా? ఉన్నది. నేటి పరిశోధకుల చేతిలో ద్రవ్యరాశి వర్ణపటమాపకమను యంత్రము కలదు. ఆంగ్లమున దానిని మాస్ స్పెక్ట్రోమీటరు అందురు. పేరు పెద్దది గాని, చేయు పని తూనిక. అది అణువులను తూచు త్రాసు.

పని యెట్లు జరుగునో క్రమముగ చెప్పెదను. ముందుగ శిలీంధ్రమును ఒంటరిగ పెంచవలెను. దానికి పరిశోధకులు తరచుగ పెట్టు ఆహారమేమో తెలియునా? మనము తిను బియ్యమే. తడిపిన బియ్యమును సీసాలో పోసి, ఆవిరితో శుద్ధిచేసి, దానిపై శిలీంధ్రమును నాటి కొన్ని వారములు ఉంచెదరు. పిదప ద్రావకము పోసి, కషాయము దించినట్లు సారమును దించెదరు. ఆ సారములో వందలకొలది పదార్థములు కలిసియుండును. అద్దుడుకాగితముపై సిరాచుక్క వేసి అంచును తడిపినచో రంగులు వేరువేరుగ ప్రాకును గదా! అట్లే సారమును సన్నని గొట్టములో నడిపించినచో పదార్థములు ఒకదాని వెనుక నొకటిగ వెలువడును. వాటిని యంత్రములోనికి పంపెదరు.

మనము కళ్ళములో తూర్పారపట్టునప్పుడు గాలి తాలును దూరముగ నెట్టును. గట్టిగింజ దగ్గరగ పడును. ఒకే గాలి, ఒకే చేట. బరువునుబట్టి దారి వేరగుచున్నది. యంత్రములో చేయునదియు ఇదియే. అణువులకు విద్యుదావేశము కలిగించి, గాలి లేని గదిలో పరుగెత్తించి, అయస్కాంతశక్తితో ప్రక్కకు లాగినచో, తేలికవి ఎక్కువగను బరువైనవి తక్కువగను వంగును. 1919లో ఆస్టను అను శాస్త్రజ్ఞుడు ఇట్టి యంత్రముతో మూలకములను తూచి, 1922లో నోబెలు బహుమతి నందెను. నేటి యంత్రములు కొన్ని పరుగుకాలమును కొలుచును. తేలిక అణువు ముందు, బరువైనది వెనుక చేరును. శిలీంధ్రములనుండి వచ్చు సున్నితమైన పెద్ద అణువులను విరుగకుండ ఎగురవేయు ఉపాయము చాలకాలము దొరకలేదు. ద్రవమును విద్యుచ్ఛక్తితో సన్నని తుంపరగ చిమ్మి ఆ పని సాధించిన జాన్ ఫెన్నుకు 2002లో నోబెలు బహుమతిలో భాగము లభించెను.

ఈ త్రాసు ఎంత సున్నితమైనదో చూడుడు. కర్బనము ఒకటి, ఆమ్లజని ఒకటి కలిసిన తునక తూకము 28. నత్రజని రెండు కలిసిన తునక తూకమును 28. కర్బనము రెండు, ఉదజని నాలుగు కలిసినదియు 28. మోటుత్రాసుకు మూడును ఒక్కటే. కాని మంచి యంత్రము మొదటిదానిని 27.9949 అనియు, రెండవదానిని 28.0061 అనియు, మూడవదానిని 28.0313 అనియు చెప్పును. అనగా తూకమును చూచియే అణువులో ఏ పరమాణువులు ఎన్ని యున్నవో చాలవరకు ఊహింపవచ్చును.

అంతటితో ఆగరు. తూచిన అణువును వాయుకణములతో ఢీకొట్టించి విరుగగొట్టి ఆ ముక్కలను మరల తూచెదరు. పాతకాలపు దిబ్బలను త్రవ్వువారు కుండపెంకులను చేర్చి ఇది మూతి, ఇది అంచు, ఇది అడుగు అని కుండ ఆకారమును గుర్తించునట్లు, ఈ ముక్కలనుబట్టి అణువు ఆకారమును గుర్తించెదరు. ఏ అణువు ఎట్లు విరుగునో ఆ వరుస దాని వ్రేలిముద్ర వంటిది.

ఇక్కడనే గ్రంథాలయము వచ్చుచున్నది. వ్రేలిముద్ర ఉన్నంతమాత్రమున మనిషి దొరకడు. పోల్చి చూచుటకు ముద్రల పుస్తకముండవలెను. తెలిసిన పదార్థముల తూకములను, విరిగిన ముక్కల వరుసలను గ్రంథములుగ కూర్చి ఉంచిరి. శాస్త్రజ్ఞులు వాటిని గ్రంథాలయములనియే పిలుచుచున్నారు. 2016లో కాలిఫోర్నియాలోని శాస్త్రజ్ఞులు పలుదేశములవారితో కలిసి అట్టి గ్రంథాలయమొకదానిని లోకమునకంతకు తెరచి ఉంచినట్లు ప్రకటించిరి. ఎవరైనను చూడవచ్చును, ఎవరైనను తమ కొలతలను చేర్చవచ్చును. తమ శిలీంధ్రసారపు కొలతలను అందులో పోల్చినచో, ఇది పాతది, ఇది పాతది యని నిమిషములలో తేలిపోవును. దేనికి జోడు దొరకదో అదియే వెదకదగినది.

మరియొక సదుపాయము కలదు. సరిగ జోడు లేకున్నను చుట్టరికము పట్టుకొనవచ్చును. కాంపాక్టిన్ తూకము 390.2406, లోవాస్టాటిన్ తూకము 404.2563. తేడా 14.0157. కర్బనము ఒకటి, ఉదజని రెండు కలిసిన తూకము సరిగా ఇంతే. రెండింటి ముక్కలును ఇంచుమించు ఒకే పోలికతో విరుగును. అన్నదమ్ముల ముఖములు చూచినట్లు యంత్రము ఈ రెండును ఒక ఇంటివే యని ప్రక్కప్రక్కన నిలుపును. ఎండోగారి నాటికి ఈ సదుపాయమున్నచో ఎన్ని నెలల శ్రమ కలిసివచ్చెడిదో!

మన హైదరాబాదులోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ 1944లో పుట్టినది. అక్కడ ఇట్టి యంత్రములతో పరిశోధన జరుగుచున్నది. పూణె నగరమున అఘార్కర్ పరిశోధన సంస్థలో శిలీంధ్రములను సజీవముగ భద్రపరచు జాతీయ భాండారము కలదు. కావున ఇది సముద్రముల కావల మాత్రమే జరుగు పని కాదు.

అయితే ఈ యంత్రము సర్వజ్ఞమని మీరు భావింపరాదు. గ్లూకోజునకును, పండ్లలోని ఫ్రక్టోజునకును తూకమొక్కటే, అమరిక వేరు. అట్టి తేడాలు తేల్చుటకు వేరు పరీక్షలు కావలెను. ఈ పదార్థము రోగమును మాన్పునా యని యంత్రము చెప్పదు. దానికి సూక్ష్మజీవులపైన, జంతువులపైన, చివరకు మనుష్యులపైన ఏండ్ల తరబడి పరీక్షలు జరుగవలెను. క్రొత్తదని తెలిసిన వేయింటిలో మందు కాగలిగినది ఒకటైనను ఉండునన్న నమ్మకము లేదు. పెనిసిలిన్ కథ విని బూజుపట్టిన రొట్టెను పుండుపై కట్టుకొనువాడు మందును గాక విషమును కట్టుకొనవచ్చును.

ఆ విషము సంగతి మన జిల్లా రైతులు తప్పక వినవలసినది. 1960లో ఇంగ్లండున లక్షవరకు టర్కీకోళ్ళు ఉన్నట్లుండి చచ్చినవి. కారణము వాటికి పెట్టిన వేరుసెనగపిండిలోని బూజు. దాని విషమునకు అఫ్లటాక్సిన్ అని పేరు. తడియారని మిరపకాయలోను, వేరుసెనగలోను, మొక్కజొన్నలోను ఆ బూజు లేచును. ఆ విషము కాలేయములో కాన్సరు తెచ్చును. వంటవేడికి పూర్తిగ నశింపదు. ఐరోపాదేశములవారు కిలో మిరపలో అఫ్లటాక్సిన్ బి1 అయిదు మైక్రోగ్రాములకు, అనగా గ్రాములో రెండులక్షలవ వంతుకు, మించరాదని నియమించిరి. అంత స్వల్పమును పట్టుకొను సాధనములలో నేను చెప్పిన యంత్రమొకటి. ఖమ్మము మిరప విదేశమునకు పోవలెనన్నచో కళ్ళములో కాయ బాగుగ ఎండవలెను, బూజుకాయను ఏరివేయవలెను. మందును వెదకు యంత్రమే మన పంటకు సాక్ష్యము చెప్పునని గ్రహింపుడు.

క్రొత్త మందులు నేడెందుకని అడుగవచ్చును. పాతమందులకు సూక్ష్మజీవులు లొంగుట మానుచున్నవి గనుక. 2019లో ఒక్క యేడు, లొంగని సూక్ష్మజీవుల మూలముననే లోకమున సుమారు పన్నెండు లక్షల డెబ్బదివేలమంది మరణించిరని లెక్క తేలినది. వైద్యుడు చెప్పకుండ సూక్ష్మజీవినాశకములను వాడుట, చెప్పినదానిని నడుమ మానివేయుట దీనికి తోడ్పడుచున్నవి. పెనిసిలిన్ లేక మరణించిన ఆ ఆక్స్ ఫర్డు పోలీసు ఉద్యోగి దశ, పెనిసిలిన్ చేతనుండియే మన బిడ్డలకు రాకూడదు.

ఇక మన అడవి సంగతి. మనకు తూర్పున భద్రాచలపు అడవులు కలవు. తొలకరిలో ఉరుములురిమిన పిదప పుట్టలపై కొక్కులు లేచును. చెదపురుగులు పుట్టలోపల తమ ఆహారమునకై పెంచుకొను శిలీంధ్రమే అది. ఏ కొక్కు తినదగినది, ఏది కుక్కగొడుగు, ఏది ఏ చెట్టు మొదట ఏ కార్తెలో లేచునో కోయ సోదరులును, మన పల్లెలలోని పెద్దలును ఎరుగుదురు. ఈ తెలివి పుస్తకమున లేదు. ఆ పెద్దలతోనే అది వెళ్ళిపోవును. చెట్టు కూలినచో ఆ చెట్టునాశ్రయించిన శిలీంధ్రమును వెళ్ళిపోవును. తరువాత ఎంత గొప్ప యంత్రము వచ్చినను, తూచుటకు ఏమి మిగులును?

క్రొత్తదానిని గుర్తింపవలెనన్నచో పాతదాని పట్టిక ఉండవలెను. ఇదియే నేను చెప్పదలచిన మాట. పట్టిక లేనివాడు దొరకినదెల్ల క్రొత్తదని భ్రమించును. లేదా నిజముగ క్రొత్తది చేతబడినను గుర్తింపలేక పారవేయును. మన పెద్దలు 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1906లో విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించినప్పుడు, శాస్త్రము తెలుగువాని ఇంటికి రావలెనని కోరిరి. ఇప్పుడు మన ఊరి సంగతులు శాస్త్రమునకు పోవలసిన కాలము వచ్చినది.

కావున ఈ రజతోత్సవమున గ్రంథాలయమువారికి ఒక్క విన్నపము. ఒక గట్టి అట్ట పుస్తకమును ఈ బల్లపై ఉంచుడు. ఏ తేదీన, ఏ చెలకలో, ఏ చెట్టుక్రింద, ఏ రంగు కొక్కు కనబడినదో, దానిని తెలుగున ఏమందురో, కోయభాషలో ఏమందురో, తినదగినదా కాదా, ఆ మాట ఎవరు చెప్పిరో వ్రాయించుడు. చెప్పినవారి అనుమతితోనే వారి పేరు వ్రాయుడు. తెలియని కొక్కును రుచిచూచి పరీక్షింపవలదు. కొన్నింటి విషము ఉడికించినను పోదు, తిన్న ఆరుగంటలకో, మరునాటికో గాని బయటపడదు. ఈ తెలివి గ్రామముయొక్క ఆస్తి. 2002 నాటి జీవవైవిధ్యచట్టము ప్రతి స్థానికసంస్థకును ఒక జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండవలెననుచున్నది. ప్రజల జీవవైవిధ్య పట్టికను తయారుచేయు భారము దానిపై ఉన్నది. మన పుస్తకము ఆ పట్టికకు తోడగును. రేపు ఏ పరిశోధకుడైనను మన అడవి మట్టినుండి మందు తీసినచో, అందులో మన వాటాను అడుగుటకు ఆధారమగును.

ఇరువదియైదేండ్లుగ ఈ బీరువాలలో ఇతరులు వ్రాసిన పుస్తకములను భద్రపరచితిమి. మీరు స్వయముగ వ్రాయవలసిన పుస్తకము ఒకటి మిగిలియున్నది. రాబోవు తొలకరికి దాని మొదటి పుట నిండునని ఆశించుచు, ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమును కూడ జరుపుకొనవలెనని కోరుచున్నాను.